దాలయ్య దగ్గు

పారినాయుడికి ఒక చిక్కు ఉండేది. ఎక్కడ డప్పు మోగినా అతను కుదురుగా కూర్చోలేడు. వంశధార ఒడ్డున గవరయ్యగారి మఠంలో చేరి, కళ్లు మూసుకుని కూర్చోవడం నేర్చుకుంటున్న రోజుల్లోనూ అంతే. ఏటి అవతల తుడుం మీద కర్ర పడితే చాలు, ఇవతల ఇతని మోకాలు ఆడేది.

ఒకరోజు ధైర్యం చేసి గురువుగారినే అడిగాడు.

"గురువుగోరూ, మనసు నిలబడ్డం లేదు. పాట ఇనిపిస్తే కాళ్లు అటే లాగేస్తన్నాయి. నాను ఈ దారికి పనికొస్తానా?"

గవరయ్యగారు చింతపండులోంచి గింజలు తీస్తున్నారు. తల ఎత్తలేదు.

"ఎల్లి ఇనిరా," అన్నారు.

ఇంకేముంది, కోతికి కొబ్బరికాయ దొరికింది. చుట్టుపక్కల ఏ ఊళ్లో అమ్మవారి సంబరం జరిగినా పారినాయుడు ముందు వరసలో ఉండేవాడు. తప్పెటగుళ్లయినా, కోలాటమయినా, జముకుల కథయినా సరే. వినడం కూడా భక్తేనని శాస్త్రంలో ఉందని తోటి శిష్యులకు చెప్పేవాడు. ఏ శాస్త్రమో ఎవరూ అడగలేదు.

అతని అభిమానం మాత్రం అబద్ధం కాదు, ఆ మాట ముందే చెప్పాలి. ఒకసారి వాన కురిసి జనమంతా చూరుల కిందికి పారిపోతే, పారినాయుడు ఒక్కడే నెత్తిన గోనెసంచి వేసుకుని కథ ముగిసేదాకా కూర్చున్నాడు. పాటగాళ్లు కనబడితే చేతులు పట్టుకుని వదిలేవాడు కాదు. తన పేరు వాళ్లకు తెలిస్తే వారం రోజులు పొంగిపోయేవాడు.

చిక్కంతా తిరిగొచ్చాకే.

మధ్యాహ్నం భోజనాలయ్యాక మఠం అరుగు మీద అందరూ చేరేవాళ్లు. "ఎలగుంది నాయుడూ ఆట?" అని వంట చేసే కూర్మమ్మ అడిగేది. పారినాయుడు చెప్పేవాడు కాదు, చేసి చూపించేవాడు. దేవుడు అతనికి అలాంటి విద్య ఇచ్చాడు. తప్పెటగుళ్ల జట్టుకు పెద్దాయన గాల్లోకి ఎగిరి, కిందికి దిగగానే ఎవరూ చూడకుండా నడుం పట్టుకోవడం చూపించేవాడు. కోలాటం మాష్టారు పిల్లల అడుగులు చూడకుండా, తన మీసం తిన్నగా ఉందో లేదో వేలితో చూసుకోవడం చూపించేవాడు. అందరూ పడీ పడీ నవ్వేవాళ్లు.

గురువుగారు ఆ పక్కనే ఉండేవారు. నవ్వేవారు కాదు, కసిరేవారూ కాదు. ఒక్కోసారి మధ్యలో లేచి ఆవుకు గడ్డి వెయ్యడానికి వెళ్లిపోయేవారు. పారినాయుడు దాన్ని కూడా మెప్పు కిందే లెక్కేసుకున్నాడు.

ఆ ఏడాది అందరికీ బాగా నచ్చింది దాలయ్య దగ్గు.

దాలయ్య జముకుల కథ చెప్పే ముసలాయన. జముకును చంకన ఇరికించుకుని, దాని తీగ మీటుతూ అసిరితల్లి కథ పాడతాడు. అమ్మవారు ముసలమ్మ వేషంలో ఎండన పడి ఊళ్లోకి వచ్చి, గడప గడపకూ వెళ్లి మంచినీళ్లు అడిగే ఘట్టం ఒకటుంది. "గుక్కెడు నీలియ్యి కోడలా తల్లీ..." అని ఆ 'తల్లీ'ని పైకి ఎత్తి పట్టుకోవాలి. సరిగ్గా అక్కడ దాలయ్య ఊపిరి తెగేది. చెయ్యి గుండె మీదికి పోయేది. రెండుసార్లు దగ్గి, గుటక మింగి, మళ్లీ మొదలుపెట్టేసరికి శ్రుతి ఎక్కడికో పోయేది.

పారినాయుడు ఆ చెయ్యి, ఆ దగ్గు, ఆ గుటక, ఒక్కటీ పోకుండా పట్టేశాడు. అది చేసిన మొదటిరోజు కూర్మమ్మ నవ్వలేక కడుపు పట్టుకుని గోడకి ఆనుకుంది. అప్పటినుంచి ఎవరు మఠానికొచ్చినా "నాయుడూ, దాలయ్య దగ్గు దగ్గు" అనడం అలవాటైపోయింది. వచ్చినవాళ్లు చూసి, తమ ఊళ్లకు వెళ్లి చెప్పుకున్నారు.

మాఘమాసంలో ఒక పొద్దున, దాలయ్యే వచ్చాడు.

బాగా నలిగిన పంచె, తలకు తువ్వాలు, భుజాన గుడ్డసంచిలో జముకు. ఎంత దూరం నుంచి నడిచొచ్చాడో, పాదాలు తెల్లగా దుమ్ముకొట్టుకుని ఉన్నాయి. కూర్మమ్మ చెంబుతో నీళ్లిచ్చింది. తాగి, మూతి తుడుచుకుని, గురువుగారికి దణ్ణం పెట్టి అరుగు కింద కూర్చోబోతే, గవరయ్యగారు చెయ్యి పట్టి పైకి తెచ్చి చాప మీద కూర్చోబెట్టారు.

"గురువుగోరూ, ఒక మాట అడగడానికొచ్చినాను," అన్నాడు దాలయ్య. "నాకు వంత పాడీవోడు మా బావమరిది సత్తెయ్య. కిందటేడు ఆడికి పచ్చవాతం వొచ్చి మంచాన పడిపోనాడు. అప్పటినుంచి ఒక్కణ్ణే కథ ఈడ్చుకొస్తన్నాను."

గురువుగారు తల ఊపారు.

"మీకు తెలీందేటుంది. కథ సెప్పీవోడికి ఒక్కోసోట ఊపిరి అందదు. ముసలి గుండె. ఆ సోట సత్తెయ్య అందుకునీవోడు. నా దగ్గు ఆడి పాటలో కలిసిపోయీది. ఎన్నేళ్లుగా దగ్గుతన్నానో జనానికి తెలీనే లేదు. ఇప్పుడు తెలిసిపోతంది. నవ్వుతన్నారు."

కూర్మమ్మ ఖాళీ చెంబు తీసుకుని వంటింటి గుమ్మంలోకి తప్పుకుంది.

"వొచ్చే మంగళోరం మా ఊళ్లో తల్లి సంబరం. 'దాలయ్యా, ఈపాలి కూడా కథ నవ్వులపాలయితే వొచ్చే ఏటినుంచి రికార్డింగ్ డాన్సు పెట్టించేస్తాం' అని పెద్దలు అనీసినారు. ఆళ్లనీ తప్పు పట్టలేను. కానీ అమ్మ కథ నా సేతిలో ఆగిపోతాదేమోనని నాకు నిద్దర పట్టడం లేదు."

దాలయ్య గొంతు సవరించుకుని, అందరి మొహాలూ చూస్తూ కొంచెం నవ్వాడు.

"మొన్న సంతలో ఎవులో సెప్పినారు. మఠంలో ఒక కుర్రోడున్నాడు, అచ్చు నాలాగే పాడతాడు, కళ్లు మూసుకుంటే దాలయ్యే అనిపిస్తాది అనీసి. ఆ మాట ఇనగానే నాకు పేణం లేసొచ్చినాది. ఎవులు బావూ అది?"

అందరి కళ్లూ ఒకవైపే తిరిగాయి. పారినాయుడు తేలు కుట్టిన దొంగలా స్తంభం చాటున నిలబడ్డాడు.

"నాయుడూ, ఇలారా," అన్నారు గురువుగారు.

లేచి, తనే ఇంకో చాప తెచ్చి దాలయ్య పక్కన పరిచారు.

"పాడు."

దాలయ్య పారినాయుణ్ణి చూసి గుర్తుపట్టాడు. "ఓలప్పో, నువ్వా బావూ!" అని మొహమంతా విప్పారింది. సంచిలోంచి జముకు తీసి, తీగ బిగించి, మీటుతూ తనే ఎత్తుకున్నాడు.

"ఎండలో వొచ్చాను ఎవులున్నారమ్మా,
గుక్కెడు నీలియ్యి కోడలా తల్లీ..."

ఊపిరి అందేలోపే ఆపేసి, నువ్వు పాడు అన్నట్టు గడ్డం ఎగరేశాడు.

తప్పించుకునే దారి లేదు. పారినాయుడు పాడాడు. మొదటి మాట బాగానే వచ్చింది. రెండోది కూడా వచ్చింది. దాలయ్య కళ్లు మూసుకుని, సంతోషంగా తల ఊపుతూ తీగ మీటుతున్నాడు. 'తల్లీ' దగ్గరికి వచ్చేసరికి పారినాయుడి చెయ్యి దానంతటదే గుండె మీదికి వెళ్లింది. గొంతు దానంతటదే రెండుసార్లు దగ్గింది.

కావాలని చెయ్యలేదు. అన్నిసార్లు చేసి చేసి అతని గొంతుకు ఆ పాట అంటే అదే అలవాటైపోయింది.

వంటింటి గుమ్మంలోంచి కూర్మమ్మ కూడా అలవాటుకొద్దీ కిసుక్కున నవ్వింది. వెంటనే కొంగు నోట్లో కుక్కుకుంది.

తీగ మీద దాలయ్య వేలు ఆగింది. కళ్లు తెరిచి పారినాయుడి గుండె మీదున్న చెయ్యి చూశాడు. తర్వాత తన చెయ్యి చూసుకున్నాడు.

"నాను ఇలగే దగ్గుతానేటి?" అని మెల్లగా అడిగాడు.

సిగ్గుతో చచ్చిపోవడమన్నది మాట వరసకు అంటారని ఇన్నాళ్లూ అనుకున్నాడు పారినాయుడు. చెయ్యి కిందికి దించుకోవాలని కూడా అతనికి తోచలేదు.

దాలయ్యే సర్దుకున్నాడు.

"పరవాలేదు బావూ. నా ఊపిరి తెగే సోటు నీకు బాగా ఎరికే. వంతోడికి తెలవాల్సింది అదే గదా. ఆ సోట దగ్గకుండా అందుకో, సాలు. 'తల్లీ' తరవాత ఏటొస్తాది?"

పారినాయుడు వెతుక్కున్నాడు. ఆ కథ ఎన్ని ఊళ్లలో విన్నాడో లెక్కలేదు. 'తల్లీ' తర్వాత దగ్గు వస్తుంది. దగ్గు తర్వాత జనం నవ్వుతారు, వాళ్లతోపాటు తనూ నవ్వుతాడు. ఆ నవ్వులో దాలయ్య తర్వాతి చరణం పాడే ఉంటాడు. అది ఒక్కసారీ తన చెవిన పడలేదు. అరుగు మీద కూడా ఆట అక్కడితోనే ముగిసేది, తర్వాత ఏమిటని అడిగినవాళ్లే లేరు.

"తెలీదు తాతా," అన్నాడు.

"అదేటి బావూ? ముందు వరసలోనే కూకునీవోడివి గదా." దాలయ్య గొంతులో నిష్ఠూరం లేదు, నిజంగానే అర్థం కాక అడిగాడు. "సత్తెయ్య పడిపోనాక నిన్ను సూసుకునే పాడతన్నాను. ఆ సోటుకి రాగానే నీ మొకం ఎలిగిపోయీది. ఈ ఒక్కడికైనా కథ నచ్చుతంది అనుకునీవోణ్ణి."

పారినాయుడికి భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

"సర్లే, నాను సెప్తాను, నా ఎనకాల అను," అన్నాడు దాలయ్య. ఆ చరణం పాడకుండా మాటల్లో చెప్పాడు.

"కడవలో లేకుంటే కంటనైనా లేవా."

పారినాయుడు నోరు తెరిచాడు. అరుగంతా తనవైపే చూస్తోంది. రోజూ తనతో కలిసి నవ్వే మొహాలే అన్నీ. తప్పు పాడితే ఈసారి వాళ్లు ఎవర్ని చూసి నవ్వుతారో అతనికి తెలుసు. తెరిచిన నోరు మూసుకున్నాడు.

"నా వల్ల కాదు తాతా. నాకు గొంతు లేదు. అందరూ నవ్వుతారు."

అనేశాక, తను అన్న మాట తన చెవినే పడింది. ఇక తల పైకి లేవలేదు.

దాలయ్య జముకును లోపల పెట్టుకోవడానికి సంచి మూతి విప్పాడు. బతిమాలే మనిషి కాదు. వచ్చిన దారిన పోవడానికి లేవబోతున్నాడు.

అప్పుడు గవరయ్యగారు పాడారు.

"కడవలో లేకుంటే కంటనైనా లేవా..."

ఆయన పాడగా మఠంలో ఇంతవరకూ ఎవరూ వినలేదు. ఎందుకు పాడరో ఇప్పుడు అందరికీ తెలిసింది. ఎండుతాటాకును నేలమీద ఈడ్చినట్టుంది గొంతు. రాగం ఒక దారి, ఆయనొక దారి. మధ్యలో ఒకచోట గొంతు పిల్లి కూతలా చీలింది కూడా. ఆయన మాత్రం ఏమీ జరగనట్టు చరణం చివరిదాకా పాడి, దాలయ్య వంక చూశారు.

దాలయ్య సంచి పక్కన పడేశాడు. జముకు మళ్లీ చంకలోకి వెళ్లింది. మూడో గడప దగ్గర అమ్మవారు నీళ్లు అడిగింది. నాలుగో గడప దగ్గర అడిగింది. ముసలాయన ఊపిరి తగ్గినచోటల్లా గురువుగారు అడ్డదిడ్డంగా అందుకున్నారు. దగ్గు వచ్చే ఉంటుంది. అరుగు మీద కూర్చున్నవాళ్లు నవ్వు ఆపుకోలేక సతమతమవుతున్నారు. నవ్వొస్తున్నది మటుకు గురువుగారిని చూసి.

ఘట్టం అయిపోయాక దాలయ్య తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"మంగళోరం ఎవుల్ని పంపిస్తారు గురువుగోరూ?"

"నానే వస్తాను."

పారినాయుడు ఉలిక్కిపడ్డాడు. ఇంతసేపూ నేల చూస్తున్నవాడు గబగబా ముందుకొచ్చాడు.

"మీరొద్దు గురువుగోరూ! మీరు ఈదిలో నిలబడి పాడితే ఊరంతా మిమ్మల్ని సూసి నవ్వుతాది."

"నవ్వనీ నాయుడూ," అన్నారు గవరయ్యగారు. "నన్ను సూసి నవ్వినంతసేపూ దాలయ్య దగ్గు ఎవులికీ ఇనిపించదు."

పారినాయుడు ఆయన కాళ్ల మీద పడబోయాడు. గురువుగారు కాళ్లు ముడుచుకుని, దాలయ్య వైపు తిరిగి కూర్చున్నారు.

"అయిదో గడప సెప్పు," అన్నారు.

దాలయ్య ఎత్తుకున్నాడు. పారినాయుడు కాసేపు అక్కడే మోకాళ్ల మీద ఉండిపోయాడు. తర్వాత జరిగి జరిగి వెళ్లి గురువుగారి వెనకాల, వంత పాడేవాళ్లు ఉండేచోట కూర్చున్నాడు. నోరు విప్పడానికి సిగ్గేసింది. విప్పాడు.