గవర్రాజు వంతుకి వచ్చిన విశ్రాంతి

గవర్రాజు దగ్గర మొదట్లో ఉన్నవి పదకొండు బస్కీలు. పన్నెండోదానికి కూర్చుంటే లేవడానికి గోడ కావాలి. సైకిలు మీద చదునైన దారిలో రెండు కిలోమీటర్లు, అంతే. ఎత్తు వచ్చిందంటే దిగి నడిపించుకోవడమే. ఈ లెక్క అతనే వేసుకుని వంటింటి గోడ మీద బొగ్గుతో రాసుకున్నాడు. లెక్కల్లో తమ ఇంటిని మించిన ఇల్లు లేదని ఆ ఇంట్లో అందరి నమ్మకం.

ఇంట్లో ఉండేది నలుగురు. తల్లి సోమలమ్మ, పెద్దవాడు సింహాద్రి, నడిమివాడు గవర్రాజు, చిన్నవాడు పైడిబాబు. వాళ్ళ తెలివంతా వంతుల్లో ఉంది. ఏ కష్టమైనా అన్నదమ్ములు ముగ్గురూ సమానంగా పంచేసుకుంటారు. కిందటేడు సోమలమ్మకి జ్వరం వస్తే డాక్టరు తొమ్మిది చేదు మాత్రలిచ్చాడు. ముసలి ప్రాణం, ఒక్కతే అంత చేదు ఎలా మింగుతుందని కొడుకులు తలా మూడు మింగేశారు. మూడోనాటికి జ్వరం తగ్గిపోయింది. ఇంకేముంది, వంతుల పద్ధతి వైద్యానికి కూడా పనికొస్తుందని రుజువైపోయింది. సోమలమ్మ ఆ సంగతి వీధిలో ప్రతి అరుగు దగ్గరా ఆగి చెప్పుకుంది.

అలాంటి ఇంటికి ఒక పెద్ద పని పడింది. కొండ మీద ఎగువూరికి టపా సంచి మోసే ఉద్యోగం ఖాళీ అయింది. తొమ్మిది కిలోమీటర్ల ఘాటురోడ్డు. పదిహేను కేజీల సంచితో గంటలో సైకిలు మీద పైకి చేరినవాడిదే ఉద్యోగం. గవర్రాజు కిందటిసారి వెళ్ళి రెండో మలుపు దగ్గర చతికిలబడిపోయాడు, సంచి తలకింద పెట్టుకుని నిద్రపోయాడు. ఇప్పుడు అతనికి ఇరవై ఏడు నిండబోతున్నాయి. ఈసారి తప్పితే వయసు దాటిపోతుంది, రొయ్యల చెరువుల కాపలాకి మేనమామ తీసుకుపోతాడు. ఎగువూళ్ళో టపా వేళకి జనం రోడ్డు మీదికి వచ్చి నిలబడతారు. తనకోసం అలా ఎవరైనా ఎదురుచూస్తే ఎలా ఉంటుందో ఒక్కసారి చూడాలని గవర్రాజు ఆశ.

పరీక్షకి నలభై రోజులుంది. గవర్రాజు ఆగలేదు. ఆ సాయంత్రమే పాత రైసుమిల్లు షెడ్డులో జిమ్ము నడిపే జగ్గారావు మాస్టారి దగ్గరికి వెళ్ళి, ఒంట్లోకి బలమూ దమ్మూ రావాలంటే ఏం చెయ్యాలని అడిగాడు. మాస్టారు విడమరిచి చెప్పాడు. రోజూ పది కిలోమీటర్లు సైకిలు తొక్కాలి. రోజు విడిచి రోజు బరువులెత్తాలి, బస్కీలు తియ్యాలి. ఆరు గుడ్లు తినాలి. వారం వారం కొంచెం కొంచెం పెంచుకుపోవాలి. చివర్లో ఇంకో మాటన్నాడు.

"కండ పెరిగేది బరువెత్తినప్పుడు కాదు నాయనా, విశ్రాంతిలో. అది మాత్రం మానకు."

గవర్రాజు ఆ ముక్క రెండుసార్లు చెప్పించుకుని మరీ రాసుకున్నాడు.

ఇంటికి రాగానే వంతులకి కూర్చున్నారు. పదేసి చొప్పున నలభై రోజులంటే నాలుగు వందల కిలోమీటర్లు. మనిషికి నూట ముప్ఫైమూడు, మిగిలిన ఒక్కటీ అమ్మకి. పైడిబాబుకి ఒక అనుమానం వచ్చింది. ముగ్గురూ మూడు సైకిళ్ళు తొక్కితే కిలోమీటర్లు మూడు చోట్ల పడిపోతాయి కదా అన్నాడు. నిజమే. అందుకని అందరూ గవర్రాజు సైకిలే తొక్కాలని, కిలోమీటర్లన్నీ దాన్లోనే పోగవ్వాలని తీర్మానించారు. ఎన్ని పోగయ్యాయో తెలియడానికి చక్రానికి మీటరు బిగించారు.

ఇక జిమ్ము. అక్కడ పనులు మూడు: ఎత్తడం, తినడం, విశ్రమించడం. ఎత్తినప్పుడు కండ పెరగదని మాస్టారే చెప్పాడు కాబట్టి ఆ పనికిరాని పని సింహాద్రికి అప్పగించారు. గుడ్లు పైడిబాబుకి, వాడి పళ్ళు గట్టివి. కండ పెరిగే అసలు పని, విశ్రాంతి, ఉద్యోగానికి వెళ్ళేవాడిది. ఆ బరువైన వంతు గవర్రాజు కాదనకుండా నెత్తినేసుకున్నాడు.

అంతే, మర్నాటి నుంచి ఇల్లు ఇల్లంతా కసరత్తే. సింహాద్రి తెల్లవారకముందే షెడ్డుకి వెళ్ళి చెమటలు కక్కుతాడు. వంటింట్లో గుడ్డు పగిలే వేళకి పైడిబాబు నోరు తెరుస్తాడు. గవర్రాజు మంచం మీద పళ్ళు బిగించి విశ్రమిస్తాడు. వారం వారం పెంచాలన్నారుగా, ఎనిమిది గంటల నిద్ర పది చేశాడు, పది పన్నెండు చేశాడు. మూడో వారానికి మెడ పట్టేసి పక్కకి తిరగడం మానేసింది. కొత్త కండ అడ్డొస్తోంది కాబోలని సోమలమ్మ దిష్టి తీసింది.

సైకిలు సంగతీ బాగానే సాగింది. తన ఒక్క కిలోమీటరు కోసం సోమలమ్మ సైకిలుని తిరగేసి, చిక్కుడుకాయలు ఒలుస్తూ ఎడంచేత్తో చక్రం తిప్పింది. మీటరు మీద కిలోమీటరు పడింది, ఆవిడకి ఆయాసం రాలేదు. ఇంకేముంది, దమ్ము పెరిగిపోయిందని అందరూ పొంగిపోయారు. అప్పటి నుంచి సైకిలు గడప దాటలేదు. పైడిబాబు గుడ్లు నములుతూ రోజుకి ఇరవై తిప్పేసేవాడు. మీటరు ఐదొందలు దాటింది.

ముప్ఫయ్యారో రోజున జగ్గారావు మాస్టారు ఇంటికే వచ్చాడు. రోజూ అన్న వస్తున్నాడు, తమ్ముడేడీ అని అడిగాడు. గవర్రాజుని నిద్రలేపి బస్కీలు తియ్యమన్నాడు. ఏడు తీశాడు. ఎనిమిదోదానికి కూర్చుని, అక్కడే ఉండిపోయాడు.

గోడ మీది లెక్క చూస్తే పదకొండు. నాలుగు తగ్గాయి. ఇల్లంతా గగ్గోలైపోయింది. సోమలమ్మ మంచం కింద కూడా చూసింది. నువ్వెన్ని తీస్తున్నావని సింహాద్రిని నిలదీస్తే నూట ఇరవై అన్నాడు. అందరూ అతని వంక అదోలా చూశారు.

"నేను నీవి ముట్టుకోలేదురా తమ్ముడూ. నావి నేనే లెక్కపెట్టుకున్నాను," అన్నాడు సింహాద్రి, కళ్ళల్లో నీళ్ళు పెట్టుకుని.

అయినా పెద్దవాడు పెద్దవాడే. తమ్ముడి తువ్వాలు నేల మీద పరిచి, దాని మీద నిలబడి నాలుగు బస్కీలు తీసి, తువ్వాలు మడిచి తమ్ముడి చేతిలో పెట్టాడు. లెక్క సరిపోయింది. మాస్టారు, ఎవరి ఒళ్ళు వాళ్ళే వంచాలని, మిగిలిన నాలుగు రోజులైనా కాస్త చెమట పట్టించమని గవర్రాజుకి చెప్పి వెళ్ళిపోయాడు. గవర్రాజు ఆ నాలుగు రోజులూ దుప్పటి కప్పుకుని విశ్రమించాడు. చెమట బాగానే పట్టింది.

పరీక్షనాడు కొండ కింద టపా ఇన్‌స్పెక్టరమ్మ నియమాలు చెప్పింది. గంటలో పైకి రావాలి, సంచి జారకూడదు, నీ కాలు నేలకి తగలకూడదు, అంతే. చెప్పి ఆవిడ జీపెక్కి ముందు వెళ్ళిపోయింది.

అన్నదమ్ములు నియమాలు మూడుసార్లు వల్లించుకున్నారు. ఎవరు తొక్కాలన్నది వాటిలో ఎక్కడా లేదు. నియమాలు మూడు, మనుషులు ముగ్గురు, ఇంత చక్కగా కుదిరిందేమిటా అని ఆశ్చర్యపోయారు. గంటలో చేర్చే వంతు సింహాద్రిది, తొక్కుతాడు. కాలు ఆనించకుండా సంచి ఒళ్ళో పెట్టుకుని వెనక కూర్చునేది గవర్రాజు. ముందు కడ్డీ మీద కూర్చుని, సంచి జారేలా ఉంటే గంట కొట్టి హెచ్చరించేది పైడిబాబు. నలభై రోజుల కసరత్తు ఊరికే పోతుందా? సింహాద్రి ముగ్గురినీ, సంచినీ యాభై ఎనిమిది నిమిషాల్లో పైకి లాగేశాడు.

ఎగువూరి జనం రోడ్డు మీదే ఉన్నారు. గవర్రాజు వాళ్ళకి చెయ్యి ఊపాడు. వాళ్ళు నవ్వారు. అతనికి ఆ నవ్వు చాలా బాగుంది.

ఇన్‌స్పెక్టరమ్మ మాత్రం నవ్వలేదు. ఇంతకీ నువ్వేం చేశావని అడిగింది.

"కాలు పెట్టలేదు మేడమ్. దారి పొడుగునా ఎక్కడా పెట్టలేదు."

ఆవిడ సింహాద్రి పిక్కల వంక చూసి, వయసెంత అంది. ముప్ఫై నాలుగన్నాడు. ఆవిడ నిట్టూర్చింది. తర్వాత గవర్రాజు మొహం చూసి ఎందుకో జాలిపడింది. సాయంత్రం దాకా తను ఇక్కడే ఉంటానని, కిందికి వెళ్ళి సంచి పెట్టుకుని ఒక్కడివే తొక్కుకుంటూ గంటలో రమ్మని, ఇదే ఆఖరు అవకాశమని చెప్పింది. ఇంకెవరి చెయ్యీ పడకూడదని మరీ మరీ చెప్పింది.

గవర్రాజు ఒక్కడే సంచితో సైకిలెక్కి కొండ దిగాడు. తొమ్మిది కిలోమీటర్లు పదహారు నిమిషాల్లో దిగిపోయాడు. ఆయాసం లేదు, కాలు నొప్పి లేదు. కింద సోమలమ్మ మజ్జిగ చెంబుతో నిలబడి ఉంది. వెనకాల అన్నదమ్ములు పరిగెత్తుకొచ్చేసరికి అతను మజ్జిగ తాగడం కూడా మరిచిపోయి లెక్కలో పడిపోయాడు.

దారి అదే. దూరం అదే. దిగేటప్పుడు పదహారు నిమిషాలు, ఎక్కేటప్పుడు గంట. తేడా నలభై నాలుగు నిమిషాలు ఎక్కడి నుంచి వస్తోంది? మొహం కొండ వైపు పెడితే ఎదురుగా ఎత్తు కనిపిస్తోంది. మొహం ఇటు పెడితే ఎదురుగా దిగుడు కనిపిస్తోంది. తప్పంతా మొహానిదే.

"అన్నయ్యా, సైకిలు ముందు చక్రం కొండ వైపే ఉంచు," అన్నాడు గవర్రాజు. "నేను ఇటు తిరిగి కూర్చుంటాను."

సింహాద్రి ఆలోచించి, ఇన్నాళ్ళూ ఇది ఎవరికీ తట్టలేదేమిట్రా అన్నాడు. పైడిబాబు సంచిని హ్యాండిలుకి కట్టాడు, ఇప్పుడు వెనకవైపు అదే కదా. సోమలమ్మ కొడుకు తల నిమిరి, పదహారు నిమిషాలే కాబట్టి అన్నం వార్చే లోపు వచ్చెయ్యమంది.

గవర్రాజు కొండకి వీపు పెట్టి సీటు మీద సర్దుకున్నాడు. సింహాద్రి వెనక చక్రం కింద పెట్టిన రాయి తీసేసి, ఇన్‌స్పెక్టరమ్మ మాట గుర్తొచ్చి గబుక్కున చేతులు కూడా తీసేశాడు. ఎదురుగా రోడ్డు నున్నగా, దిగుడుగా, చివర గేదెలు పొర్లుతున్న బురదగుంట దాకా కనిపిస్తోంది. గవర్రాజు గుండెలనిండా గాలి పీల్చుకుని, నేల మీద ఆనించి ఉన్న ఆ ఒక్క కాలూ ఎత్తాడు.