నక్క కొలిచిన తేనె

అనగనగా అంటే ఎన్నాళ్ళ కిందటని అడక్కండి. ఎలుగుబంట్లు వైద్యం చేసే కాలం అది. మధుగిరి అనే కొండ మీద కంబళాచారి అనే ఎలుగుబంటి వైద్యుడు ఉండేవాడు. హస్తవాసి చాలా మంచిదని పేరు.

ఆ కొండకు ఒక కట్టుబాటు ఉంది. ఏటా తొలకరికి ముందు ప్రతి ప్రాణీ తన వంతు తేనె తెచ్చి ఆచారి గుహలో పోయాలి. ఆ తర్వాత ఏడాది పొడుగునా ఎవరికి ఏ జబ్బు చేసినా మందు ఊరికే ఇస్తాడు. ఆ తేనె ఆయన తినేవాడు కాదు సుమా. మందులన్నీ తేనెలోనే రంగరించాలి కదా. మూతికి అంటుకున్నది మాత్రం లెక్కలోకి రాదు.

వయసులో ఉన్నవాళ్ళు కుండలతో తెచ్చేవాళ్ళు. జుట్టు నెరిసినవాళ్ళకు మోదుగాకు దొప్పెడు చాలు. ఏనుగుకైనా దొప్పెడే, ఎలుకకైనా దొప్పెడే. ముసలితనంలో పెద్దాచిన్నా ఏమిటనేవాడు ఆచారి.

ఆ కొండ మీదే సూదులవ్వ అనే ముసలి ఏదుపంది ఉండేది. ఒంటినిండా ముళ్ళే గానీ మనసు వెన్న. పాపం, ఆమెకు ఆయాసం. ఆచారి ఇచ్చిన వేళ్ళు నానబెట్టి పొద్దునా సాయంత్రం ఆ కషాయం తాగితేనే ఊపిరి ఆడేది.

రోజూ మంచు విడిచాక ఆమె మెల్లగా నీరెండబండ మీదికి చేరేది. అప్పటికే ఇద్దరు నేస్తాలు వచ్చి ఉండేవాళ్ళు. ఒకరు మోకాళ్ళ నొప్పుల ఏనుగు గున్నయ్య. మనవలు పుట్టినా ఆయనకు చిన్ననాటి పేరు పోలేదు. రెండోవారు చూపు మందగించిన తాబేలు నిదానం తాత. ముగ్గురూ కూర్చుని రోగాల కబుర్లు చెప్పుకునేవాళ్ళు. ఎవరికి ఎక్కడ పట్టేసింది, ఎవరికి ఏ మందు పడింది, ఎవరికి కంటి మీద కునుకు లేదు, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పుకోవాల్సిందే. కుర్రకోతులు అటుగా పోతూ రోగాల కచేరీ మొదలైందని నవ్వేవి. నవ్వితే నవ్వుకోనీ అని వీళ్ళు ఇంకో రోగం ఎత్తుకునేవాళ్ళు.

ఇలా ఉండగా కొండకు పెద్దను ఎన్నుకునే ఏడు వచ్చింది. పాత పెద్ద ఒక దుప్పి. మంచివాడే గానీ ఏ సంగతీ నలుగురికీ విడమరచి చెప్పే అలవాటు లేదు. అతని మీద పోటీకి మృదుభాషి అనే నక్క నిలబడ్డాడు. ఎవరి గంపలో ఎక్కువ ఆకులు పడితే వాళ్ళే పెద్ద. ముసలివాళ్ళ ఆకులు పడితే గెలుపు తనదేనని నక్కకు తెలుసు.

ముందు ఏనుగు దగ్గరికి వెళ్ళి చెవిలో ఏదో చెప్పాడు. తర్వాత తాబేలు దగ్గరికి వెళ్ళి చెవిలో ఏదో చెప్పాడు. చివరికి సూదులవ్వ గడపలో కూర్చుని నిట్టూర్చాడు.

"అవ్వా, చెప్పకూడదనే అనుకున్నాను. నిన్ను చూస్తే మనసు ఒప్పలేదు. ఈ దుప్పి పుణ్యమా అని వచ్చే తొలకరికి ముసలివాళ్ళ తేనె దొప్పెడు కాదు, ముంతెడు. నేను గెలిస్తే పాత దొప్పే. ఈ మాట ఎక్కడా అనకు. దుప్పి చెవిన పడితే నీ మందు ఇవాళే ఆపించేస్తాడు."

సూదులవ్వ గుండె జారిపోయింది. ఆమెకు అందేంత కిందుగా ఉన్నది ఒక్కటే తేనెపట్టు. అందులో ముంతెడు ఎక్కడినుంచి వస్తుంది? అడుక్కోవడం ఆమెకు చచ్చేంత నామోషీ. బాగా ఆలోచించి, ఉన్న వేళ్ళను వచ్చే ఏటికి దాచుకుంటే సరిపోతుందనుకుంది. సాయంత్రం కషాయం మానేసింది. కొన్నాళ్ళకు పొద్దుటిదీ మానేసింది. ఎండిన వేళ్ళు మాత్రం రాతి కింద భద్రంగా ఉన్నాయి.

నీరెండబండ మీద ముగ్గురూ కూర్చున్నారు గానీ ఎవరూ రోగాల ఊసెత్తలేదు. వాన వచ్చేలా ఉందని ఒకరంటే రాకపోవచ్చని ఇంకొకరన్నారు. కోతులకు కూడా ఏమీ తోచలేదు.

ఒక పొద్దున బండ ఎక్కుతూనే సూదులవ్వ కూలబడింది. ఊపిరి అందడం లేదు. గున్నయ్య చెవులతో విసిరాడు. తొండంతో నీళ్ళు తెచ్చి ముఖాన చిలకరించాడు. కాస్త తెప్పరిల్లాక అడిగాడు.

"వదినా, మందు తాగి ఎన్నాళ్ళయింది?"

ఇక ఆమె వల్ల కాలేదు. ఏడుస్తూ ముంతెడు తేనె సంగతి చెప్పేసింది. గున్నయ్య నోరు వెళ్ళబెట్టాడు.

"ముంతెడా? నాకు కాగెడన్నాడే."

నిదానం తాత డిప్పలోంచి మెడ బయటికి చాచాడు. "నాతో కుండెడన్నాడు."

ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అవ్వను గున్నయ్య వీపు మీద ఎక్కించుకుని తిన్నగా ఆచారి గుహకు నడిచారు.

ఆచారి వేళ్ళు నూరుతూనే కోప్పడ్డాడు. దొప్పెడు ఎన్నడూ దొప్పెడేనన్నాడు. పూలు తగ్గిన ఏడు కదా, కొంగ చేత మందు ఇంటికి తెప్పించుకునేవాళ్ళను మాత్రం ఒక చెంచాడు ఎక్కువ పోయించమని దుప్పితో అన్నానని, నడిచి వచ్చేవాళ్ళకు అదీ లేదని చెప్పాడు. తిడుతూ తిడుతూనే కషాయం పట్టి ఆమె తల నిమిరాడు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

నక్కను తొక్కేస్తానని గున్నయ్య లేచాడు. సూదులవ్వ ఆపింది. "వద్దు మరిదీ. మనం అబద్ధమంటాం, అతను నిజమంటాడు. విన్నవాళ్ళు ఎవరిని నమ్మాలి? అతని మాటను అతని నోటితోనే చెప్పిద్దాం."

ఎన్నిక నాడు కొండంతా గుమిగూడింది. నక్క లేచి ముసలివాళ్ళ తేనె పెరిగిపోయిందని, తలుచుకుంటే కడుపు తరుక్కుపోతోందని కళ్ళు తుడుచుకున్నాడు. సూదులవ్వ నెమ్మదిగా లేచింది.

"నాయనా, నాకు మతిమరుపు. ఎంతకు పెరిగిందన్నావు? నలుగురికీ వినబడేలా ఒక్కసారి చెప్పు."

ముంతెడు అనబోయాడు నక్క. గున్నయ్య చెవులు నిక్కాయి. కాగెడు అనబోయాడు. నిదానం తాత మెడ సాగింది. కుండెడు అనబోయేసరికి అవ్వ కళ్ళు తన మీదే ఉన్నాయి. గొంతు సవరించుకున్నాడు.

"పెరిగిందన్నది ముఖ్యం గానీ, ఎంతన్నది ముఖ్యమా అవ్వా?"

"నాకు ముఖ్యమే నాయనా. నీ ముంతెడు మాటకు భయపడి నేను మందు మానేశాను."

అంతలో వెనకనుంచి ముసలి గుడ్లగూబ తనకు బానెడని చెప్పాడంది. కుందేలు ముసలమ్మ తనకు గంగాళమన్నాడంది. కోతులు పకపకా నవ్వాయి. నక్క తల దించుకుని వెళ్ళిపోయాడు.

ఆకులన్నీ దుప్పి గంపలోనే పడ్డాయి. అయినా అవ్వ అతన్నీ వదల్లేదు. చెంచాడు సంగతి ముందే చెప్పి ఉంటే నక్క నోటికి ఇంత చోటు దొరికేదా అని అందరి ముందూ చివాట్లు పెట్టింది. అప్పటినుంచి దుప్పి తొలకరికి ముందు తానే నీరెండబండ ఎక్కి తేనె కొలత చెప్పేవాడు.

ఆ చలికాలం పొద కింద ఒంటరిగా ఎవరో దగ్గుతున్నారు. సూదులవ్వ వంగి చూసింది. నక్క. మూతి చుట్టూ జుట్టు నెరిసింది.

"లే నాయనా, ఎండలోకి రా. నీకూ దొప్పెడే," అంది.

పిల్లలూ, చెవిలో చెప్పిన భయాన్ని నలుగురిలో పెట్టి అడగాలి. నిజమైతే అది అందరికీ ఒక్కటిగానే ఉంటుంది.