గుప్పెడు బియ్యంలో వేసిన దిగులు

అనగనగా, కాలవ గట్టు పక్కన ఒక చిన్న ఊరుండేది అమ్మలూ. ఆ ఊళ్ళో ఎలీశమ్మ అని ఒకావిడ. మొగుడు జబ్బుచేసి పోయాడు. ముగ్గురు పిల్లలు. పెద్దది బుద్ధిమంతురాలు, చిన్నోడు చంటోడు, నడిపిది మాత్రం... అబ్బో, దాని సంగతి అడక్కు!

ఎలీశమ్మ పొద్దున్నే నాట్లకి పోయేది. వచ్చి వండేది, వార్చేది, గిన్నెలు తోమేది. ఒళ్ళు హూనమైపోయేది. పోనీ కాసేపు నడుం వాలుద్దామంటే కంటిమీద కునుకేదీ? ఒకటే దిగులు. "నేను పడిపోతే నా పిల్లలకి ముద్ద ఎవరు పెడతారు?" అని. పిచ్చితల్లి!

అప్పుడు ఒక ఆదివారం చర్చిలో పాస్టరమ్మగారు ఆవిణ్ణి చూసింది. "ఏమే ఎలీశమ్మా, మొహం అలా పీక్కుపోయిందేంటే?" అంది. ఎలీశమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుని దిగులంతా చెప్పేసింది.

మన చర్చి ఆడవాళ్ళకి ఒక అలవాటుంది కదా. వండబోయే బియ్యంలోంచి ఒక గుప్పెడు తీసి, దేవుడి పేరున వేరే కుండలో వేస్తారు. ఆదివారం దాన్ని చర్చికి తీసుకెళ్ళి ఇస్తారు. "ఇకనుంచి గుప్పెడు వేసేప్పుడు నీ దిగులు కూడా ప్రభువుకి చెప్పి అందులోనే వేసెయ్యి. వేశాక మళ్ళీ తియ్యకు" అంది పాస్టరమ్మగారు.

సరేనని మర్నాడు ఎలీశమ్మ గుప్పెడు వేసింది. "ప్రభువా, నా పిల్లల సంగతి నువ్వే చూసుకో" అంది. నాలుగడుగులు వేసిందో లేదో, పిల్లలకి అన్నం చాలదేమో అనిపించింది. వెనక్కొచ్చి సగం తీసేసుకుంది! రెండోరోజూ అంతే. మూడోరోజు కూడా చెయ్యి కుండదాకా వెళ్ళింది గానీ, సిగ్గేసి గబుక్కున మూతపెట్టేసింది. బియ్యమైతే కుండలోనే ఉన్నాయి. దిగులు మాత్రం కొంగున కట్టుకుని పొలానికి పోయింది.

ఆ తర్వాత ఏమైందంటే, వానలో నాట్లు వేసి వేసి ఎలీశమ్మకి జ్వరం తగులుకుంది. ఒక మధ్యాహ్నం గట్టుమీదే కూలబడిపోయింది. తోటివాళ్ళు ఇంటికి మోసుకొచ్చి మంచంమీద పడుకోబెట్టారు. పిల్లలు బిక్కమొహాలేసుకుని చుట్టూ నిలబడ్డారు. పొయ్యిలో నిప్పు లేదు. ఏది జరక్కూడదని ఇన్నాళ్ళూ భయపడిందో అదే జరిగింది. ఎలీశమ్మ లేవబోయింది, కళ్ళు తిరిగి మళ్ళీ పడింది.

అప్పుడు గుమ్మంలో అలికిడైంది. పాస్టరమ్మగారూ, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళూ. ఒకావిడ పొయ్యి రాజేసింది. ఒకావిడ చంటోణ్ణి చంకనేసుకుంది. పాస్టరమ్మగారు ఎసరు పెట్టి బియ్యం పోసింది.

"ఎక్కడివమ్మా ఈ బియ్యం?" అంది ఎలీశమ్మ.

"చర్చిలో పోగైన గుప్పెడు బియ్యమేనే. అందరిళ్ళవీ ఉన్నాయి, నీవీ ఉన్నాయి."

ఎలీశమ్మ వెక్కివెక్కి ఏడ్చింది. "నేను వేసి మళ్ళీ సగం తీసుకున్నానమ్మా!"

పాస్టరమ్మగారు పకపకా నవ్వింది. "నేనేమన్నా తక్కువ తిన్నానా? కొత్తలో నేనూ తీసినదాన్నే. అయినా ప్రభువు మన చెయ్యి వదిలాడా? ఇంక పడుకోవే తల్లీ."

పిల్లలు పళ్ళాల ముందు కూర్చున్నారు. వేడివేడి అన్నం, పప్పుచారు. నడిపిది మూడుసార్లు మారు పెట్టించుకుంది. ఆ పళ్ళాల చప్పుడు వింటూ వింటూ, పట్టపగలే, ఎలీశమ్మ హాయిగా నిద్రపోయింది. ఎన్నాళ్ళకో!

జ్వరం తగ్గాక కూడా రోజూ గుప్పెడు వేసేది, దిగులు ప్రభువుకి చెప్పేది, మూతపెట్టేది. అప్పుడప్పుడూ మూత తీసి తొంగిచూసేదనుకో, అది వేరే సంగతి!

ఏంటీ, ఇవన్నీ నాకెలా తెలుసంటావా? మూడుసార్లు పెట్టించుకున్న ఆ నడిపి గడుగ్గాయి ఎవరనుకున్నావే, నేనే, మీ అమ్మమ్మని!

కథేమో కంచికి,
గుప్పెడేమో కుండకి,
దిగులేమో దేవుడికి,
నా బంగారుకొండేమో నిద్దరకి.