ఎల్లాజీ అడిగిన పులుసు

కాళ్లు దుప్పట్లో పెట్టుకో. మధ్యలో ప్రశ్నలడిగావంటే ఇక్కడే ఆపేస్తాను. అనగనగా సముద్రం ఒడ్డున ఒక పల్లె. ఆ పల్లెలో ఎల్లాజీ అనే ముసలాయన, ఆయన పెళ్లాం కాసులమ్మ ఉండేవాళ్లు. ఒకళ్లంటే ఒకళ్లకి ప్రాణం. పైకి మాత్రం రోజూ పోట్లాటే!

ఒక ఏడాది ఎల్లాజీకి కడుపులో చెడ్డ జబ్బు చేసింది. పెద్దాసుపత్రిలో అన్ని మందులూ వాడారు. ఆ తర్వాత డాక్టరుగారు, "ఇక ఇది తగ్గదమ్మా, ఇంటికి తీసుకెళ్లి సుఖంగా ఉంచుకో" అని చెప్పేశాడు.

కాసులమ్మ వింటేగా! ఇంటికి రాగానే పథ్యం మొదలుపెట్టింది. చేప లేదు, కారం లేదు, పులుపు లేదు. పొద్దునా జావే, సాయంత్రమూ జావే. పథ్యం గట్టిగా చేయిస్తే మొగుడు లేచి కూర్చుంటాడని పిచ్చిదాని ఆశ.

అప్పుడు ఎల్లాజీ అడిగాడు, "ఒసే, నెత్తళ్ల చేపల పులుసు చెయ్యవే" అని. "తగ్గాక చేస్తాలే" అంది. ఆ తర్వాత కొన్నాళ్లకి మళ్లీ అడిగాడు. "నోరు కట్టుకోలేవూ, చిన్నపిల్లాడివా?" అని కసిరింది. కసిరి, పెరట్లోకి వెళ్లి ఏడ్చింది. మూడోసారి ఆయన అడగలేదు. పక్కింట్లోంచి పులుసు వాసన వస్తే గోడవైపు తిరిగి పడుకున్నాడు.

అప్పుడు ఆసుపత్రి నుంచి సుగుణ అనే నర్సమ్మ వచ్చింది. నయంకాని జబ్బున్నవాళ్లని ఇళ్లకొచ్చి చూసుకోవడమే ఆవిడ పని. ముందు నొప్పి తగ్గే మందిచ్చింది. ఆ తర్వాత వీపు మీద పుళ్లు కడిగింది. ఆ తర్వాత పక్కన కూర్చుని, "ఏం తినాలనుంది తాతా?" అని అడిగింది. ఎల్లాజీ పెళ్లాం వంక చూశాడు.

పులుసు సంగతి కాసులమ్మే చెప్పింది. "పెట్టమ్మా, రెండు చుక్కలైనా నోట్లో వెయ్యి" అంది నర్సమ్మ.

"నా మొగుణ్ణి నా చేత్తోనే చంపుకోమంటావా?" అని అరిచింది కాసులమ్మ.

నర్సమ్మకి కోపం రాలేదు. కాసులమ్మ చెయ్యి పట్టుకుంది. "జావ తాగినా పులుసు తిన్నా ఆయన వెళ్లిపోతాడమ్మా. ఉన్నన్నాళ్లూ అడిగింది పెట్టు." అప్పుడు కాసులమ్మ భోరుమంది. ఆ మాట వినకూడదనే కదా ఇన్నాళ్లూ జావ కాచింది!

మర్నాడు పొద్దున్నే నెత్తళ్లు తెచ్చింది. మట్టి దాకలో పులుసు కాచింది. వేలితో ముంచి ఎల్లాజీ నాలిక మీద రాసింది. ఆయన కళ్లు మూసుకుని చప్పరించాడు. మళ్లీ రాసింది, మళ్లీ చప్పరించాడు. మూడోసారి రాయబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు.

"చాల్లే. ఇంక నువ్వు తిను."

"నాకెందుకయ్యా?"

"నేను మంచం పట్టినప్పట్నించీ నువ్వూ జావే తాగుతున్నావు. నేను చూడట్లేదనుకున్నావా? పులుసడిగింది నీకోసమేనే. నేను పోయాక కూడా ఇలాగే నోరు కట్టుకుంటావేమోనని బెంగగా ఉందే నాకు. కూర్చో. నాకు కనపడేలా తిను."

కాసులమ్మ అన్నంలో పులుసు పోసుకుంది. ఏడుస్తూనే ముద్ద మీద ముద్ద తింది. ఆయన కంటినిండా చూసుకున్నాడు.

ఏమిట్రా కన్నా, ఏడుస్తున్నావా? అవున్రా, ఆ తర్వాత ఎల్లాజీ వెళ్లిపోయాడు. పులుసు కాచినప్పుడల్లా కాసులమ్మ ఆ ఖాళీ మంచానికి ఎదురుగా కూర్చుని, కనపడేలా తినేది.

కథేమో కంచికి నడిచింది,
నిద్రేమో కంటికి వచ్చింది,
దా, అమ్మమ్మ పక్కలో ముడుచుకో.