కూత ఆగకముందే

కూతురు ఏదో దాస్తోందని సూరిబాబుకు తెలుసు. ఏమిటన్నదే తెలియడం లేదు.

దేవిక ఇంటర్ రెండో ఏడు చదువుతోంది. కాలేజీ పక్క ఊళ్ళో. సాయంత్రం బస్సు రోడ్డు మీద దింపుతుంది. టీ కొట్టు, రైసుమిల్లు దాటితే వాళ్ళ వీధే. బస్సు కదిలిన చప్పుడు ఇంట్లోకి వినిపిస్తుంది. ఆ చప్పుడైన తర్వాత అన్నం ఉడికి వార్చేదాకా పిల్ల రావడం లేదు. ఒకరోజు స్నేహితురాలితో మాట్లాడుతూ ఉండిపోయానంది. ఇంకో రోజు చెప్పు తెగిందంది. సూరిబాబు ఆమె చెప్పులు తిరగేసి చూశాడు. ఏదీ తెగలేదు. కానీ మడమల దగ్గర నల్లటి బురద ఉంది. ఆ బురద రోడ్డు మీద ఉండదు. చెరుకు తోటల్లో ఉంటుంది.

అతని ఉద్యోగం చక్కెర మిల్లు గేటు దగ్గర. షిఫ్టు దిగి ఇంటికి పోయేవాళ్ళ సంచులూ క్యారేజీలూ తడిమి పంపడం అతని పని. ఏళ్ళ తరబడి అదే చేయడంతో ఎవరెదురైనా ముఖం కన్నా చేతిలో సంచి ముందు కనబడటం అలవాటైపోయింది. పిల్ల స్నానానికి వెళ్ళినప్పుడు ఆమె సంచీ చూశాడు. పుస్తకాలు, ఖాళీ టిఫిను డబ్బా, దువ్వెన. అడుగున ఒక కంపాసు, లెక్కల పిల్లలు వృత్తాలు గీసే ముల్లు కంపాసు. దేవికది బైపీసీ. కప్పల్ని కోసే చదువులో వృత్తాలతో పనేమిటి? ఎవరిది? ఎవరిచ్చారు?

ఆ తర్వాత ఎంత అడిగినా పిల్ల నోరు విప్పలేదు. మిల్లు గేటు ఇంటికి తెచ్చేశావని భార్య పైడమ్మ ఎత్తిపొడిచింది. ఈమెకూ తెలుసేమోనని అప్పటినుంచి పైడమ్మ మీద కూడా ఒక కన్నేసి ఉంచాడు.

ఆ వారంలోనే కాలేజీ మానిపించి, పిల్లను తుని దగ్గర తన అక్క ఇంటికి పంపేద్దామని నిశ్చయించాడు. అక్కకు ఫోను కూడా చేశాడు. ఎందుకని ఆమె అడిగితే చెప్పడానికి ఏమీ లేదు. అక్కడే మనసు ఆగింది. నేరం ఏమిటో తెలియకుండా శిక్ష వేయడం గేటు దగ్గర కూడా కుదరదు. అందుకని లోవరాజు గురువు దగ్గరికి వెళ్ళాడు.

లోవరాజు ఆ చుట్టుపక్కల మూడు తరాలకు చెడుగుడు నేర్పినవాడు. మోకాలు పోయి కర్ర పట్టుకున్నా, సాయంత్రమయ్యేసరికి మిల్లు వెనక మైదానంలో, చెరుకు పిప్పి గుట్టల పక్కన, గీత దగ్గర కుర్చీ వేయించుకుని కూర్చుంటాడు. కూతకెళ్ళినవాడు ఎంత గట్టిగా అరిచినా, ఊపిరి ఇంకెంత మిగిలిందో వినే చెప్పేస్తాడని పేరు. సూరిబాబు ఆయన పెంచిన పట్టుగాడు. అతనిది ఉడుం పట్టు. చీలమండ దొరికిందంటే కూతకొచ్చినవాడు గీత చేరడం కల్ల. నలభై దాటినా కుర్రాళ్ళు అతనున్న వైపు కూతకెళ్ళడానికి వెనకాడతారు.

సంగతంతా విని, గురువు కర్ర చివరతో నేల మీద ఏదో గీస్తూ కూర్చున్నాడు.

"అబద్ధం పట్టుకోవడం ఎలాగో చెప్పండి గురువుగారూ. మీకు ఊపిరి వింటే తెలిసిపోద్ది కదా" అన్నాడు సూరిబాబు.

"అడిగితే ఏటంటది?"

"ఏమీ అనదు. రొప్పుతూ నిలబడతాది. చూపు ఇంట్లోకే ఉంటాది."

"ఎక్కడ అడుగుతున్నావు?"

"గుమ్మంలోనే. లోపలికొచ్చి కూర్చుందంటే మాట అల్లేసుకుంటాది. కాలు లోపల పెట్టకముందే అడగాలి."

గురువు తలూపాడు. అది మెచ్చుకోలో వెక్కిరింపో సూరిబాబుకు అంతుపట్టలేదు. ఊళ్ళో జరిగేదంతా ఈ కుర్చీ దగ్గరికే వచ్చి చేరుతుంది. ముసలాయనకు ఏదో తెలిసే ఉంటుంది. తెలిసీ చెప్పడం లేదు.

"ఇవాళ నువ్వు కూతకెళ్ళు" అన్నాడు గురువు.

సూరిబాబు కూతకెళ్ళి ఎన్నేళ్ళయిందో. అది తన పని కాదని గుర్తు చేశాడు.

"పట్టుకునేవాడికి ఊపిరి ఖర్చు లేదురా. ఓసారి ఖర్చు పెట్టి చూడు."

అవతల గడిలో కుర్రాళ్ళు ఒకళ్ళ ముఖాలు ఒకళ్ళు చూసుకున్నారు. తనను నవ్వులపాలు చేయడానికి అందరూ కలిసి ముందే అనుకున్నారేమోనని సూరిబాబుకు తోచింది. అయినా గురువు మాట. చొక్కా విప్పి గట్టు మీద పెట్టి, నేలకు దణ్ణం పెట్టుకుని, చెడుగుడు చెడుగుడు అంటూ గీత దాటాడు.

చెడుగుడు నియమం పసిపిల్లలకు కూడా తెలుసు. కూత ఒక్క ఊపిరిలో సాగాలి. అది తెగేలోగా తిరిగొచ్చి గీత ముట్టుకోవాలి. ఊపిరి మధ్యలో తీసుకున్నా, వేరే మాట నోట్లోంచి వచ్చినా అవుటే.

మూలనున్నవాణ్ణి ముట్టాడు. పక్కవాడు చేయి జాపితే తప్పించుకుని వాడి భుజం తాకాడు. వెనక నుంచి ఇద్దరు నడుం పట్టుకున్నారు. పాత కండలు మాట విన్నాయి. విదిలించుకుని వెనక్కి తిరిగాడు. గొంతులో కూత సన్నబడిపోతోంది. పక్కటెముకల కింద మంట. మైదానం, పిప్పి గుట్టలు, కుర్రాళ్ళు అంతా మసకేసి, ఎదర సున్నపు గీత ఒక్కటే తెల్లగా మిగిలింది.

గీత అవతల, తన గడిలోనే, గురువు కర్ర ఊతంగా లేచి నిలబడ్డాడు. అందుకోవడానికే అనుకుని సూరిబాబు చేయి చాచాడు.

గురువు ఆ మణికట్టు పట్టుకున్నాడు. కానీ లోపలికి లాగలేదు. కర్ర అతని ఛాతీకి అడ్డం పెట్టాడు.

"ఎంతమందిని ముట్టావు?"

సూరిబాబు కూత మానకుండానే తల అడ్డంగా ఊపాడు.

"ఇంతసేపూ ఎక్కడున్నావు? ఆ మూలకెందుకెళ్ళావు? చెప్పి లోపలికి రా."

గుడ్లు పైకొచ్చాయి. చెడుగుడు చెడుగుడు అన్నది గు గు అని మిగిలింది. కాలు ముందుకు వేయబోతే కర్ర కదల్లేదు. ముసలి చేతిలో అంత బలం ఎక్కడిదో.

"వదలండి" అన్నాడు సూరిబాబు.

కూత తెగింది. అవతలివైపు కుర్రాళ్ళు చప్పట్లు కొట్టి అవుటన్నారు.

అతను గీతకు జానెడు ఇవతలే మోకాళ్ళ మీద కూలబడ్డాడు. ఊపిరి అందగానే వచ్చిన మాటలో కోపం ఉంది.

"అదేటి గురువుగారూ. మీరు మా జట్టు కదా?"

లోవరాజు మెల్లిగా కుర్చీలో కూర్చుని కర్ర ఒళ్ళో పెట్టుకున్నాడు.

"నువ్వు నీ పిల్ల జట్టని నేనూ అలాగే అనుకున్నానురా" అన్నాడు.

సూరిబాబు చొక్కా తొడుక్కోవడం మరిచి చేతపట్టుకునే ఇంటికి వెళ్ళాడు. దారిలో ముసలాయన మీద కోపం తగ్గుతూ వచ్చింది. తగ్గిన చోట ఏం చేరిందో దానికి పేరు పెట్టడం అతని వల్ల కాలేదు.

బస్సు చప్పుడు వినిపించింది. అలవాటుగా గుమ్మంలోకి వచ్చి రెండు చేతులూ ద్వారబంధానికి ఆనించి నిలబడ్డాడు. తన చేతుల్ని తనే చూసుకున్నాడు. తర్వాత లోపలికి వెళ్ళి, నీళ్ళ కుండ పక్కన పీట మీద కూర్చున్నాడు. మనసు మాత్రం గుమ్మంలోనే ఉండిపోయింది. ఇప్పుడు ఎక్కడుండి ఉంటుంది, ఎవరితో ఉండి ఉంటుంది అని అది అడుగుతూనే ఉంది.

పొయ్యి మీద అన్నం ఉడికింది. పైడమ్మ వార్చింది.

దేవిక కన్నా ముందు ఆమె ఊపిరి వినిపించింది. ఇన్ని రోజులూ ఆ రొప్పు అతని ఎదురుగానే ఉంది. అతను చెప్పులే చూశాడు. ఇవాళ చెవులకు తెలిసింది. అది ఆలస్యంగా నడిచొచ్చిన మనిషి రొప్పు కాదు, పరుగెత్తి వచ్చిన మనిషిది.

పిల్ల గుమ్మంలో ఆగింది. అడ్డం ఎవరూ లేరు. తండ్రి ఎక్కడా అని వెతికి, పీట మీద చూసి, తడబడి లోపలికొచ్చింది. సూరిబాబు గ్లాసుతో నీళ్ళు ముంచి ఇచ్చాడు. అడగాలన్న మాటలన్నీ నోటిదాకా వచ్చాయి. పళ్ళు బిగించి కూర్చున్నాడు.

నీళ్ళు తాగాలంటే దేవిక పిడికిలి విప్పాలి. విప్పింది. అరచేతిలో కంపాసు ఉంది, ముల్లు బయటికి తీసి. గట్టిగా పట్టుకున్న చోట అరచెయ్యి గుంట పడి ఎర్రగా ఉంది.

నీళ్ళు సగం తాగి, గ్లాసు కింద పెట్టి, గ్లాసుతోనే మాట్లాడుతున్నట్టు అంది.

"బస్సు దిగిన కాణ్ణుంచి ఒకడు ఎనకాలొస్తన్నాడు నాన్నా. అందుకే తోటల మీదుగా తిరిగొస్తన్నాను. చెబితే చదువు మానిపించేస్తావని చెప్పలేదు."

పైడమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. సూరిబాబు ఎవడని అడగలేదు. కంపాసు తీసుకుని, ముల్లు మడిచి, పిల్ల సంచిలోనే పెట్టాడు. లేచి, అక్కకు ఫోను చేసి, పిల్ల రావడం లేదని చెప్పాడు.

మర్నాడు సాయంత్రం బస్సు చప్పుడు ఇంట్లోకి వినిపించినప్పుడు, గుమ్మంలో ఎవరూ లేరు. సూరిబాబు చెప్పులు కూడా లేవు.