కుమ్మరులకు పట్టని కషాయం

అనగనగా, రాజుగారు తుమ్మితే రాజ్యమంతా ముక్కు తుడుచుకునే కాలంలో, సిరివరం రాజ్యాన్ని విషజ్వరం పట్టింది.

ఏడు సీమల వైద్యులు ఒకే కషాయాన్ని సగంమంది రోగులకు పోసి, సగంమందికి పోయకుండా చూశారు. ఒక్కో రోగి వృత్తేమిటో, కషాయం తాగాడో లేదో, బతికాడో పోయాడో ఒక్కో తాటాకు మీద రాశారు. ఆస్థాన వైద్యుడు భృగుపతి ఆ వెయ్యి ఆకులూ ఒకచోట చేర్చాడు. కషాయం తాగినవాళ్లలో చావులు సగానికి సగం తగ్గాయి.

అక్కడితో ఆగితే పండితుడెలా అవుతాడు? ఆకుల్ని వృత్తుల వారీగా ఇరవై కుప్పలు పోశాడు. కుమ్మరుల కుప్పలో తాగినవాళ్లూ తాగనివాళ్లూ సమానంగా పోయారు. మట్టి పిసికే ఒంటికి ఈ మందు పట్టదని తేల్చేశాడు. కుమ్మరులకు కషాయం పోయవద్దని రాజు చాటింపు వేయించాడు.

ఆ పొద్దుటే కుమ్మరి చెంగమ్మ కూతురు జ్వరంతో పడింది. చెంగమ్మ మట్టిచేతులతోనే సభకు నడిచింది.

"మహారాజా, నిన్న ఆవంలో మూడువందల కుండలు కాల్చాను. పగిలినవి ఆరు. అందులో నాలుగు ఒక్క వరసలోవే. ఆ వరసకు వేరే మట్టి తెచ్చానా? పగుళ్లు ఎక్కడో ఒకచోట గుంపు కడతాయి. వైద్యులవారు ఆ గుంపుకు మా పేరు పెట్టారు."

కుండలు చేసేదానికి శాస్త్రమెందుకని భృగుపతి నవ్వాడు.

"శాస్త్రం మీదే, ఆకులూ మీవే. వృత్తి చూడకుండా, కళ్లు మూసుకుని ఇరవై కుప్పలుగా పంచండి, బాబూ."

రాజు సరేనన్నాడు. భృగుపతి కళ్లకు గంతలు కట్టుకుని, ఆకులు కలిపి, ఇరవై కుప్పలు పోశాడు. ఏ పేరూ లేని మూడో కుప్పలో కషాయం పనిచేయలేదు. మళ్లీ కలిపి పోస్తే, ఈసారి పదకొండోది మొరాయించింది. మూడోసారి రెండు కుప్పల్లో కషాయం వట్టి నీళ్లయింది, ఇంకొకదానిలో అమృతమైంది. అన్నీ కలిపితే మాత్రం ప్రతిసారీ అదే సగం.

ఎవరూ వేయని ముగ్గు నేలమీద తనంతట తానే విచ్చుకుంటున్నట్టు సభ చూస్తూండిపోయింది. నలభై ఏళ్లుగా ఆవంలో చూస్తున్నదే అయినా, చెంగమ్మకు ఒళ్లు జలదరించింది.

భృగుపతి గంతలు విప్పాడు. "మరి నిజంగానే తేడా ఉంటేనో, తల్లీ?" ఆ గొంతులో ఇప్పుడు వెటకారం లేదు.

"ఉండొచ్చు. అయితే ఎవరికి పట్టదో, ఎందుకు పట్టదో ఆకులు విప్పకముందే చెప్పండి. తర్వాత ఏడు సీమల్లోనూ అదే కనబడనివ్వండి. అందాకా నా బిడ్డ నోటి దగ్గర మందు లాక్కోకండి."

రాజు చాటింపు వెనక్కి తీసుకున్నాడు. కషాయం గిన్నె భృగుపతే మోసుకుంటూ కుమ్మరివాడకు వెళ్లాడు. మూడోనాటికి పిల్ల లేచి కూర్చుంది. చూశారా మందు మహిమ అని జనం మురిసిపోతే, చెంగమ్మ కసిరింది: "ఒక్క పిల్ల లేచిందని కాదర్రా, వెయ్యి ఆకులు చెప్పాయని నమ్మండి."

కుప్పలు పోసేకొద్దీ ఏదో ఒక వింత కనబడుతూనే ఉంటుంది. ముక్క చెప్పిందని మొత్తం మాట తోసేయకూడదు.