గోరింటాకు ఆరేదాకా

రాజేశ్వరమ్మగారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆవిడ జవాబు చెప్పేవారు కాదు, పని చెప్పేవారు. మోక్షం అంటే ఏమిటని అడిగినవాళ్ళు చింతపండులో గింజలు తీశారు. కర్మఫలం సంగతి అడిగినవాళ్ళు పెరట్లో నూతి చప్టా తోమారు. మధ్యాహ్నాలు ఆవిడ ఇంట్లో భాగవతం వినడానికి చేరే ఆడవాళ్ళకి ఈ సంగతి బాగా తెలుసు. అందుకే చాలామంది ఇంటి చాకిరీ ముగించుకుని వచ్చి, మళ్ళీ ఇక్కడా చాకిరీ ఎందుకని, అన్నీ అర్థమైనట్టు తల ఊపి వెళ్ళిపోయేవారు.

ఇందుమతి మాత్రం ఒకరోజు అడిగేసింది. నెలలు నిండిన మనిషి. పురాణం అయిపోయి అందరూ లేచి వెళ్ళాక కూడా గోడకి చేరగిలబడి కూర్చుంది.

"అమ్మగారూ, మమకారం వదులుకోవాలని రోజూ చెబుతారు. ఎలా వదలాలో ఒక్కరోజూ చెప్పరు. రెండు చేతులతో పట్టుకున్నదాన్ని ఎలా వదలడమండీ?"

అమ్మగారు పుస్తకం మూసి ఆమె ముఖంలోకి చూశారు. "శాస్త్రం తర్వాత. ముందు నీ బెంగ చెప్పు" అన్నారు.

ఇందుమతి బెంగంతా కూతురు పావని. దానికి అయిదో ఏడు. వచ్చేవారం ఇందుమతి పట్నం వెళ్ళి ఆస్పత్రిలో చేరాలి. రక్తపోటు ఎక్కువగా ఉంది, కాన్పుకి ముందే వచ్చి ఉండమని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. పిల్ల నాయనమ్మ దగ్గర అన్నం తింటుంది, కథ చెబితే పడుకుంటుంది కూడా. కానీ స్నానం మాత్రం తల్లే చేయించాలి. ఇంకెవరు చెంబు ఎత్తినా ఇల్లు ఎగిరిపోయేలా ఏడుస్తుంది. ఒకసారి నాయనమ్మ తలంటబోతే, ఎవరో పిల్లని కొడుతున్నారనుకుని పక్కింటివాళ్ళు గోడ మీంచి తొంగి చూశారు. కుంకుడు రసం కళ్ళల్లో పడుతుందని దానికి ప్రాణభయం. తల్లి పోసినా ఏడుస్తుంది, కాకపోతే తల్లి నడుముని గట్టిగా వాటేసుకుని ఏడుస్తుంది. నా చేతి నీళ్ళయితే తప్ప పోసుకోదని ఇందుమతి పదిమందితో చెప్పుకునేది. విసుగుతోనే చెప్పేదనుకోండి, కానీ ఆ విసుగులో కాస్త మురిపెం కూడా ఉండేది.

ఇప్పుడా మురిపెం లేదు. ఇందుమతికి ఆరేళ్ళప్పుడు వాళ్ళమ్మ తమ్ముణ్ణి కనడానికి ఆస్పత్రికి వెళ్ళి తిరిగి రాలేదు. ఆ తర్వాత తనకి తల అంటేవాళ్ళు లేక జుట్టు జడలు కట్టింది. చిక్కు తీసే ఓపిక లేక మేనత్త కత్తెర పెట్టి కత్తిరించేసింది. అమ్మ పోయిన రోజు ఇందుమతికి సరిగ్గా గుర్తులేదు. ఆ కత్తెర చప్పుడు మాత్రం గుర్తుంది.

"నేను రాకపోతే దానికి నీళ్ళు ఎవరు పోస్తారండీ?" అంది.

అమ్మగారు ఓదార్చలేదు. "ఆదివారం పిల్లదాన్ని తీసుకురా. తలంటు ఇక్కడే" అన్నారు. ఇందుమతి కొంగుతో కళ్ళు తుడుచుకుని, ఈసారి పని కాస్త తేలిగ్గానే దొరికిందనుకుంటూ ఇంటికి వెళ్ళింది.

ఆదివారం పొద్దున్న అమ్మగారి పెరట్లో కాగు కింద పొయ్యి రాజుకుంది. ఇందుమతి పీట మీద కూర్చుని, పిల్లని రెండు మోకాళ్ళ మధ్య కూర్చోబెట్టుకుని మాడుకి నూనె పెట్టింది, ఒంటికి నలుగు పెట్టింది. ఇక నీళ్ళు పొయ్యడమే తరువాయి. ఆ సమయానికి అమ్మగారు గిన్నె నిండా రుబ్బిన గోరింటాకుతో వచ్చారు.

"పురిటికి వెళ్ళే పిల్లవి, బోసి చేతులతో వెళ్తావా? ఇలా పట్టు."

"పిల్ల స్నానం అయ్యాక పెట్టించుకుంటానండీ."

"ఆకు నల్లబడిపోతుంది. పట్టు."

పెద్దావిడ స్వయంగా పెడతానంటే కాదనడం ఎలా? ఇందుమతి చేతులు చాపింది. అమ్మగారు ఒక చేతితో సరిపెట్టలేదు. రెండు అరచేతులా దట్టంగా మెత్తి, పది వేళ్ళకీ టోపీలు పెట్టి, అంతటితో ఆగక పాదాలకి పారాణిలా కూడా దిద్దారు. తర్వాత బకెట్లో వేన్నీళ్ళకి చన్నీళ్ళు కలిపి గోరువెచ్చగా తొలిపి పెట్టి, పక్కన కుంకుడు రసం గిన్నె ఉంచారు. చేటలో చిక్కుడుకాయలు వేసుకుని అరుగు మీద కూర్చున్నారు.

"ఆరేదాకా కదలకు" అన్నారు.

నూనె ఓడుతున్న తలతో పావని తల్లి ఎదుట నిలబడింది. "అమ్మా, నీళ్ళు పొయ్యి."

ఇందుమతి తన చేతుల వంక చూసుకుంది, అమ్మగారి వంక చూసింది. "మీరు కాస్త పోస్తారా అండీ?"

"నాకు నడుం వంగదమ్మా" అన్నారు అమ్మగారు. అంతకుముందే ఆవిడ వంగి పాదాలకి గోరింటాకు పెట్టిన సంగతి ఇందుమతికి తట్టింది గానీ, అనే ధైర్యం లేకపోయింది.

పావని ఏడుపుకి సిద్ధమైంది. కానీ వాటేసుకోవడానికి తల్లి నడుం అందుబాటులో లేదు. ముట్టుకుంటే గోరింటాకు చెదిరిపోతుందని దానికీ తెలుసు. చలిగాలికి ఒళ్ళు జలదరించింది. కాసేపు చూసి, చూసి, తనే బకెట్ దగ్గరికి వెళ్ళి చెంబు ముంచింది. మొదటి చెంబు నీళ్ళు నెత్తి మీద కాక నేల మీద పడ్డాయి. రెండోది భుజం మీద పడింది.

"పైకెత్తమ్మా, ఇంకొంచెం పైకి" అంటూ ఇందుమతి కూర్చున్నచోటే ఊగిపోయింది.

పిల్ల కుంకుడు రసం దోసిట్లోకి తీసుకుంది. తీసుకుని ఆగిపోయింది. ఇప్పుడు కళ్ళల్లో పడుతుంది, ఇప్పుడు కేక పెడుతుంది అనుకుని, ఇందుమతి పరుగెత్తడానికి పీట మీంచి సగం లేచింది.

పావని కళ్ళు గట్టిగా మూసుకుంది. మూతి కూడా బిగించింది. తర్వాతే రసం తలకి పట్టించుకుంది. తడుముకుని చెంబు అందుకుని, ఊపిరి బిగబట్టి నీళ్ళు కుమ్మరించుకుంది. మళ్ళీ ముంచింది, మళ్ళీ పోసుకుంది. అప్పుడు కళ్ళు తెరిచింది.

"అమ్మా! మండలేదు!"

"ఎందుకు మండలేదే?" అంది ఇందుమతి, నమ్మలేక.

"నువ్వు ఎప్పుడు పోస్తావో నాకు తెలీదు కదా. నేనైతే ముందే మూసేసుకుంటాను."

ఇందుమతి మళ్ళీ పీట మీద కూలబడింది. ఇన్నాళ్ళూ తను ఎంత మెల్లగా పోసినా, ఎంత బుజ్జగించినా ఆ ఏడుపు ఎందుకు ఆగలేదో ఇప్పటికి తెలిసింది. సంతోషమూ వచ్చింది, ఎక్కడో చిన్న ముల్లూ గుచ్చుకుంది. ఆ ముల్లుని మరిపించుకోవడానికన్నట్టు, "అదిగో, చెవి వెనక నురగ అలాగే ఉండిపోయిందండీ. ఒక్కసారి చెయ్యి కడుక్కుని..." అంది.

"ఉండనీ. చెవి వెనక నురగ ఉండి చెడినవాళ్ళు లేరు" అన్నారు అమ్మగారు, చిక్కుడు ఈనె తీస్తూ.

బకెట్లో నీళ్ళు అడుగంటాయి. పావని ఆఖరి చెంబు నిండా తీసుకుంది గానీ పోసుకోలేదు. స్నానం చివర తల్లులు పిల్లల చుట్టూ చెంబు తిప్పి, దిష్టి తీసి, దీవించి ఆ నీళ్ళు పారబోస్తారు. ఆ పని తనకి తాను చేసుకునేది కాదని పిల్లకి తెలుసు. చుట్టూ చూసింది. తర్వాత రెండు చేతులా చెంబు పట్టుకుని, నీళ్ళు తొణుకుతూండగా తల్లి దగ్గరికి వచ్చింది. ముందు తల్లి కడుపు చుట్టూ తిప్పింది. మునివేళ్ళ మీద నిలబడి, చెయ్యి అందినంత మేరకి తల చుట్టూ తిప్పింది.

"శ్రీరామరక్ష. నూరేళ్ళాయుష్షు" అని పెద్దమనిషిలా పలికి, నీళ్ళు తీసుకెళ్ళి కనకాంబరాల మొదట్లో పారబోసింది.

ఇందుమతికి ఏడుపు ఆగలేదు. చేతుల నిండా గోరింటాకు, తుడుచుకునే వీలు లేదు. పావనే వచ్చి తడిచేత్తో తల్లి చెంపలు తుడిచింది. దాంతో అవి ఇంకాస్త తడిశాయి. అమ్మగారు దండెం మీది తువ్వాలు అందిస్తే పిల్ల అందుకుని, తల తనే తుడుచుకుంటూ ఎండలోకి పరుగెత్తింది. చెవి వెనక నురగ అలాగే ఉంది. ఇందుమతి చూసింది, పిలవలేదు.

చాలాసేపటికి అడిగింది. "ఇంక కడుక్కోమంటారా అండీ?"

అమ్మగారు ఆమె అరచేతుల్ని వెలుగులోకి తిప్పి చూశారు. ఆకు ఎండి పెచ్చులు లేస్తోంది. కింద రంగు ఎర్రగా పట్టింది.

"కడుక్కో" అన్నారు. "ఇక గోరింటాకు లేకపోయినా ఆ చేతులు ఊరుకోగలవు."